పహాణీలో చెరిగిన ఏడాదులు

2020 సెప్టెంబరు 7న తెలంగాణ ఊళ్లలో వీఆర్వోల దగ్గరున్న భూమి రికార్డులన్నీ తహసీల్ ఆఫీసులకు చేరాలని ఉత్తర్వు వచ్చింది. ఆ మధ్యాహ్నానికల్లా పని పూర్తి కావాలన్నారు. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల్లోనూ బస్తాలు కదిలాయి. అట్టలు ఊడినవి, చెదలు తిన్నవి, ఉర్దూలో మొదలై తెలుగులోకి మారినవి, ఒకే సర్వే నంబరు మీద నాలుగు తరాల చేతిరాత ఉన్నవి, అన్నీ వెళ్లిపోయాయి. ఆ వారంలోనే వీఆర్వోల పదవులను రద్దు చేసే బిల్లు సభ ముందుకొచ్చింది. ఊరి భూమి చరిత్రను ఊళ్లో ఉంచుకునే ఏర్పాటు దాంతో ముగిసింది. దాని పేరు పహాణీ.

ఈ తరానికి పహాణీ ఒక సర్టిఫికెట్టుగానే తెలుసు. బ్యాంకు లోనుకు అడిగితే మీసేవలో తీసుకునే కాగితం. నిజానికి అది ఏటేటా కొత్తగా రాసే పుస్తకం. ఫసలీ, అంటే రెవెన్యూ ఏడాది, మారితే పుస్తకం మారేది. ప్రతి సర్వే నంబరుకూ ఒక వరుస, వరుసకు ముప్పైకి పైగా గళ్లు. పట్టాదారు ఎవరు, అనుభవదారు ఎవరు, అనుభవం ఏ రకంగా వచ్చింది, నీళ్లు చెరువువా బావివా, వానకాలం ఏం వేశారు, యాసంగి ఏం వేశారు. మోకా మీదికి వెళ్లి చూసి రాయాలన్నది నియమం. తర్వాత జమాబందిలో లెక్క సరిచూసేవాళ్లు. ఒక్క ఏడాది పహాణీకి పెద్ద విలువ లేదు. ముప్పై ఏళ్ల పహాణీలు పక్కపక్కన పెడితేనే ఆ చెలక ఎవరి చెమటతో పండిందో తెలుస్తుంది. ఒక ఏడాది రాత అబద్ధమైతే ముందు ఏడాది పుస్తకం, తర్వాతి ఏడాది పుస్తకం కలిసి దాన్ని పట్టిచ్చేవి. పహాణీ బలమంతా ఆ ఏడాదుల వరుసలో ఉంది. కంప్యూటరులోకి మార్చినప్పుడు మనం పోగొట్టుకున్నదీ ఆ వరుసనే.

పహాణీని దేవుడి పటంలా చూడాల్సిన పనిలేదు. జనగామ గడ్డ మీద నిలబడి ఆ మాట అసలే అనలేం. విసునూరు దేశ్‌ముఖ్ ఇలాకాలో పట్వారీ కలం ఎవరి వైపు ఒరిగిందో పాలకుర్తి చాకలి ఐలమ్మ పోరాటం చెబుతుంది. దున్నిన చేతికి పంట దక్కాలంటే తుపాకులకు ఎదురు నిలవాల్సి వచ్చిన రోజులవి. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగాడు. పటేల్ పట్వారీ వ్యవస్థను 1984లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం రద్దు చేసినప్పుడు తెలంగాణ పల్లెలు ఊపిరి పీల్చుకున్నాయంటే అందుకు కారణం ఉంది. పట్వారీ చేతిలో పహాణీ ఆయుధమైంది. కానీ ఆ పుస్తకంలోనే అనుభవదారు గడి కూడా ఉంది. దొర పేరు పట్టాదారు గడిలో ఉన్నా, దున్నేవాడి పేరు పక్క గడిలో పడితే కొన్నేళ్లకు అదే వాడికి హక్కయ్యేది. 1950 హైదరాబాద్ కౌలుదారీ చట్టం కింద రక్షిత కౌలుదారులైన వాళ్ల కథంతా ఈ రెండు గళ్ల మధ్య నడిచిందే.

ఫసలీ లెక్క ఎంత చిక్కో చూడాలంటే కొమరయ్య అమరుడైన ఆ రోజునే తీసుకోండి. నిజాం సర్కారు లెక్కలో ఏడాది అక్టోబరు తొలి వారంలో ఆజూర్ నెలతో మొదలయ్యేది. ఆ ప్రకారం 1946 జులై 4 అంటే 1355 ఫసలీ. తర్వాతి కాలపు రెవెన్యూ లెక్కలో ఫసలీ జులై 1న మొదలై జూన్ 30న ముగుస్తుంది. ఆ లెక్కన చూస్తే అదే రోజు 1356 ఫసలీలో పడుతుంది. కడవెండి అప్పుడు నల్గొండ జిల్లా, తర్వాత వరంగల్ జిల్లా, 2016 అక్టోబరు 11 నుంచి జనగామ జిల్లా. ఒక్క ఊరు, ఒక్క రోజు. ఏ కాలపు కాగితం చూస్తున్నామో తెలియకపోతే ఏడాదీ తప్పుతుంది, జిల్లా కూడా తప్పుతుంది. పాత గుమాస్తాకు ఇది కంఠస్థం. ఆయన ఫసలీకి 590 కలిపి ఇంగ్లిషు సంవత్సరం చెప్పేవాడు. ఎక్కడ ఒకటి ఎక్కువ వేయాలో, ఎక్కడ అక్కర్లేదో కాగితం ముఖం చూసి పోల్చుకునేవాడు. ఆ తెలివి ఏ మాన్యువల్‌లోనూ రాసి పెట్టలేదు. ఆయనతోనే పోయింది.

భూమి విషయంలో చట్టం అడిగే మొదటి ప్రశ్న ఎప్పటి నుంచి అని. జాగీర్లు పోయింది 1358 ఫసలీ రెగ్యులేషన్‌తో, అంటే 1949 ఆగస్టులో. ఏజెన్సీలో గిరిజనేతరుల మధ్య అమ్మకాలను కూడా ఆపేసిన 1/70 చట్టం అమల్లోకి వచ్చింది 1970 ఫిబ్రవరి 3న. పోడు భూమికి అటవీ హక్కు కావాలంటే 2005 డిసెంబరు 13 నాటికే సాగులో ఉండాలి. తెల్లకాగితం మీద రాసుకున్న సాదాబైనామాకు హద్దు 2014 జూన్ 2. కొత్తగూడలోనో గూడూరులోనో మహాముత్తారంలోనో ఒక కుటుంబం తిండి గింజలు ఈ తేదీలకు ఇటున్నాయా అటున్నాయా అన్న దాని మీద ఆధారపడి ఉంటాయి. అలాంటి తేదీలను ఒక పుస్తకం నుంచి ఒక యంత్రంలోకి, ఆ యంత్రం నుంచి ఇంకో యంత్రంలోకి మార్చడం ఎంత బాధ్యత గల పనో ఆలోచించండి.

ఆ పనిలో ఎక్కడెక్కడ జారిపడతామో డేటాబేసులతో పనిచేసే వాళ్లందరికీ తెలుసు. డేటాబేసులో ప్రతి గడికీ ముందే ఒక రకం నిర్ణయిస్తారు. పేరుకు అక్షరాల గడి, విస్తీర్ణానికి అంకెల గడి, తేదీకి తేదీ గడి. తేదీ గడి మొండిది. రోజు, నెల, ఏడాది మూడూ చెబితేనే లోపలికి రానిస్తుంది. పహాణీ చెప్పేది '1364 ఫసలీ' అని. అది ఒక రోజు పేరు కాదు, పన్నెండు నెలల కాలం. మన ఖాస్రా పహాణీ, 1954-55ది, ఆ ఫసలీదే. వానకాలం పంట 1954లోనూ యాసంగి పంట 1955లోనూ పడతాయి. ఈ ఏడాది మొత్తాన్ని ఒక తేదీ గడిలో ఇరికించాలంటే ఏదో ఒక రోజు కల్పించాలి. 1-1-1954 అని వేస్తే ఆ రోజు అసలు 1364 ఫసలీలోనే లేదు, ముందు ఫసలీలో ఉంది. 1-7-1954 అని వేస్తే, ఆ మనిషి సరిగ్గా ఆ రోజే చేనులో అడుగుపెట్టాడన్నట్టు రికార్డు మాట్లాడుతుంది. రెండూ రైతు చెప్పని మాటలే.

ఫసలీ అంకెను ఉన్నదున్నట్టు ఏడాదిగా కొట్టేశారనుకోండి. పోస్ట్‌గ్రెస్‌లాంటి డేటాబేసు 1364ను పద్నాలుగో శతాబ్దంగా నిశ్శబ్దంగా తీసుకుంటుంది. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో పాత తేదీ రకం 1753కు ముందు ఏడాదిని ఒప్పుకోదు, వరుసను తిప్పికొడుతుంది. నిజానికి ఆ తిప్పికొట్టడమే మేలు. కాగితం మీద ఉత్త '54' అని ఉంటే ఇంకో చిక్కు. మైఎస్‌క్యూఎల్, పోస్ట్‌గ్రెస్ దాన్ని 2054 అంటాయి. ఎస్‌క్యూఎల్ సర్వర్ తన మామూలు అమరికలో 1954 అంటుంది. ఒక చోట నుంచి ఇంకో చోటికి మార్చే మనిషి గమనించకపోతే తాత దున్నిన ఏడాది మనవడి మనవడి కాలానికి పోతుంది.

వీటన్నిటికంటే ప్రమాదకరమైంది రోజూ నెలా తారుమారు కావడం. ఏజెన్సీ ఊళ్లో ఇద్దరు గిరిజనేతరుల మధ్య 12-01-1970న ఒక అమ్మకం జరిగిందనుకుందాం. జనవరి 12. ఇంకా 1/70 రాలేదు. అమెరికా పద్ధతిలో అమర్చిన కంప్యూటరు దాన్ని డిసెంబరు 1 అని చదువుతుంది. అప్పటికి చట్టం వచ్చి పది నెలలు. చెల్లే అమ్మకం చెల్లనిదైపోయింది. ఎక్కడా ఎర్రగీత పడలేదు, ఏ హెచ్చరికా రాలేదు. రోజు 12 దాటితే యంత్రం అలాంటి నెల లేదని ఆగిపోతుంది, మనిషి చూస్తాడు, దిద్దుతాడు. 12 లోపు రోజులు మాత్రం తప్పుడు తేదీలై సరైన వాటితో కలిసి కూర్చుంటాయి. ఆగిపోయిన వరుసలను దిద్ది పని అయిపోయిందనుకునే వాళ్లు ఈ మౌనంగా చెడిన వాటిని ఎన్నడూ చూడరు.

ఒరాకిల్‌లో తేదీ అనే రకం గంటలు, నిమిషాలు, సెకన్లు కూడా దాచుకుంటుంది. పోస్ట్‌గ్రెస్‌లో అదే పేరున్న రకం ఉత్త రోజునే ఉంచుకుంటుంది. పేరు ఒకటే కదా అని మార్చేస్తే సమయం రాలిపోతుంది. ఒకే భూమిని ఒకే రోజు ఇద్దరికి అమ్మిన కేసులో ముందు ఎవరికి రాసిచ్చాడన్నదే తీర్పు. ఆ ముందూ వెనకా చెప్పే ఆధారం ఆ సమయంతోపాటే రాలిపోవచ్చు. ఖాళీ గళ్ల సంగతి మరొకటి. మైఎస్‌క్యూఎల్ పాత అమరికల్లో తెలియని తేదీని సున్నాలతో నింపుకోనిచ్చేది. పోస్ట్‌గ్రెస్ ఆ సున్నాల తేదీని తీసుకోదు. తొందరలో ఉన్నవాడు దాని స్థానంలో 1900 జనవరి 1నో 1970 జనవరి 1నో పెట్టేస్తాడు. తెలియదన్న నిజం పోయి, తెలిసినట్టున్న అబద్ధం మిగులుతుంది.

ఇదంతా వేగంగా చేయకూడని పని. 2017 సెప్టెంబరులో మొదలైన భూరికార్డుల ప్రక్షాళనను ఏడాది చివరికల్లా ముగించాలని లక్ష్యం పెట్టారు. అంతకు ఏడాది ముందే పది జిల్లాలు ముప్పై ఒకటయ్యాయి. సగం మందికి కొత్త మండలమేదో కొత్త ఆఫీసేదో ఇంకా అలవాటు కాలేదు. వివాదం లేని భూములు పార్ట్-ఎలో, వివాదమున్నవి పార్ట్-బిలో వేశారు. పార్ట్-బిలో పడ్డవాళ్లకు కొత్త పాసుపుస్తకం రాలేదు. పాసుపుస్తకం లేకపోతే 2018 మేలో మొదలైన రైతుబంధు వచ్చేది కాదు. రైతుబీమాకైతే 18 నుంచి 59 ఏళ్ల వయసుండాలి, వయసుకు ఆధారం ఆధార్ కార్డులోని తేదీ. పుట్టిన ఏడాది కూడా సరిగా తెలియని మనుషులకు ఎవరో అంచనాగా వేసిన జనవరి 1వ తేదీయే 5 లక్షల రూపాయలు ఇంటికి వస్తాయా రావా అన్నది తేల్చింది. భర్త పోయిన ఇంట్లో ఆ తేదీ కోసం ఏడ్చిన ఆడవాళ్ల గురించి జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల్లో ఏ ఊళ్లో అడిగినా చెబుతారు.

2020 అక్టోబరు 29న మూడుచింతలపల్లిలో ధరణి మొదలైంది. స్లాటు బుక్ చేసుకుని చెప్పిన గంటకు తహసీల్ ఆఫీసుకు వెళ్తే రిజిస్ట్రేషనూ ముటేషనూ ఒక్కచోటే ముగిసేవి. వివాదం లేని పట్టా ఉన్న రైతుకు అది నిజంగానే మేలు చేసింది. ఆ మేలును తీసిపారేయడం న్యాయం కాదు. లంచం కోసం ఏళ్ల తరబడి ముటేషను తొక్కిపట్టిన రోజులు మరచిపోకూడదు. అయితే ధరణికి ఈరోజు తప్ప నిన్న తెలిసేది కాదు. అమ్మకం జరిగిన నిమిషం దానికి తెలిసేది. ఆ అమ్మినవాడికి భూమి ఎప్పుడు, ఎలా వచ్చిందో, దాని మీద అసలు ఎవరు ఎన్నేళ్లుగా దున్నుతున్నారో దాని గళ్లలో ఉండేది కాదు. అనుభవదారు గడినే తీసేశారు. ఒక సంఘటన యంత్రంలోకి ఎప్పుడు ఎక్కిందన్నది ఒక కాలం. అది లోకంలో ఎప్పటి నుంచి ఎప్పటి దాకా నిజమన్నది వేరే కాలం. భూమి రికార్డుకు రెండూ కావాలి. ఈ రెండు కాలాలనూ పట్టి ఉంచే పద్ధతిని డేటాబేసుల భాష అయిన ఎస్‌క్యూఎల్ ప్రమాణంలోనే 2011లో చేర్చారు. ధరణి పుట్టడానికి తొమ్మిదేళ్ల ముందే పనిముట్టు సిద్ధంగా ఉంది. మా తాతల కాలపు పట్వారీలు ఏ కంప్యూటరూ లేకుండా ఏడాదికో పుస్తకం రాసి చేసిందీ అదే పని.

సాదాబైనామాల కథలో తేదీ ఎలా కాటేసిందో చూడండి. తెల్లకాగితం మీద రాసుకుని, ఊరి పెద్దల ముందు వేలిముద్రలు వేసి కొనుక్కున్న భూములవి. క్రమబద్ధం చేస్తామని 2020 అక్టోబరు 12 నుంచి దరఖాస్తులు తీసుకున్నారు, గడువు నవంబరు 10 దాకా పొడిగించారు. రాష్ట్రమంతటా దాదాపు 9 లక్షల మంది అర్జీ పెట్టుకున్నారు. మధ్యలో అక్టోబరు 29న పాత 1971 ఆర్‌ఓఆర్ (భూమి హక్కుల రికార్డు) చట్టం రద్దయి కొత్త చట్టం వచ్చింది. కొత్త చట్టంలో సాదాబైనామా ఊసే లేదు. ఒక పిటిషన్ మీద హైకోర్టు ఆ తేదీ దగ్గరే గీత గీసింది, తర్వాత వచ్చిన అర్జీలను ముట్టుకోవద్దంది. అర్జీల్లో ఎక్కువ భాగం ఆ గీతకు అవతలే ఉన్నాయి. ఇవతలి వాళ్లకూ ఏళ్ల తరబడి ఏమీ జరగలేదు.

ఇక్కడే యంత్రాల్లో తేదీల సంగతి మళ్లీ గుర్తొస్తుంది. మన దగ్గర అక్టోబరు 29 అర్ధరాత్రి మొదలయ్యే సరికి అంతర్జాతీయ సమయంలో ఇంకా 28 సాయంత్రం ఆరున్నర. మన తేదీని అర్ధరాత్రి సమయంతో కలిపి దాచి, ఐదున్నర గంటల తేడా కలపకుండా ఇంకో యంత్రంలో చదివితే 29 కాస్తా 28 అవుతుంది. దుకాణం బిల్లులో ఒక రోజు తేడా ఎవరికీ పట్టదు. చట్టం మారిన రోజున ఒక రోజు తేడా అంటే ఒక కుటుంబం గీత దాటిపోవడం. అందుకే భూమి తేదీని సమయంతో ముడిపెట్టకుండా ఉత్త తేదీగానే ఉంచాలని, నిమిషం కావాల్సిన చోట అది ఏ దేశపు సమయమో కూడా రాసి ఉంచాలని అనుభవజ్ఞులు పట్టుబడతారు.

ధరణిలో తప్పు దిద్దుకోవాలంటే టీఎం-33 అనే మాడ్యూలు ఉండేది. తహసీల్దారు చేతులు కట్టేశారు, కలెక్టరు దాకా పోవాల్సి వచ్చేది. ఆధారంగా ఏం చూపాలి? పాత పహాణీ. అది ఎక్కడుంది? ఊళ్లో లేదు. తహసీల్ ఆఫీసు గదిలో ఉందో లేదో చెప్పే మనిషి కూడా ఊళ్లో లేకుండా పోయాడు. యంత్రం మరిచిపోయిన దానికి సాక్ష్యం ఆ పుస్తకమే. రైతు దాని కోసం జనగామకో మహబూబాబాద్‌కో తిరిగాడు. పనులు మాని, బస్సు చార్జీలు పెట్టుకుని, గేటు దగ్గర నిలబడి. ఈ దుఃఖం ఎన్నికల సభల్లోకి ఎక్కింది. 2023 డిసెంబరులో ప్రభుత్వం మారింది. 2024 డిసెంబరులో ధరణి నిర్వహణ కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎన్ఐసీకి వెళ్లింది, అదే నెల భూభారతి బిల్లు శాసనసభలో నెగ్గింది. 2025 ఏప్రిల్ 14న భూభారతి మొదలైంది. ధరణి అయిదేళ్లు కూడా నిలవలేదు.

భూభారతిని ముందుగా పరీక్షించిన నాలుగు మండలాల్లో వెంకటాపూర్ ఒకటి. 2016 దాకా వరంగల్ జిల్లా, 2016 అక్టోబరు 11 నుంచి జయశంకర్ భూపాలపల్లి, 2019 ఫిబ్రవరి 17 నుంచి ములుగు. అక్కడి రైతు దగ్గర మూడు జిల్లాల పేర్లతో కాగితాలున్నాయి, భూమి మాత్రం అంగుళం కదలలేదు. ఏ పేరు ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా అని రాసుకోని డేటాబేసుకు ఆ మూడు కాగితాలూ మూడు వేర్వేరు ఊళ్లవిగా కనిపిస్తాయి. పాత చట్టం పోయి కొత్త చట్టం వచ్చినా గళ్లు సరిగా కట్టకపోతే ఆ రైతుకు మళ్లీ అదే తిరుగుడు.

కొత్త చట్టం సాదాబైనామాకు తలుపు తెరిచింది. 2025లో హైకోర్టు పాత పిటిషన్‌ను కొట్టివేయడంతో ఆ అర్జీలు కదిలాయి. 2014 జూన్ 2కు ముందు కొని, 12 ఏళ్లుగా అనుభవంలో ఉండి, 2020లో అర్జీ పెట్టుకున్న వాళ్లకు అవకాశం. ఆ పన్నెండేళ్ల అనుభవాన్ని అందరికంటే గట్టిగా చెప్పగలిగింది పహాణీలోని అనుభవదారు గడి. ధరణి ఏళ్లలో ఆ గడి లేదు. ఆ ఏళ్లకు రైతు దగ్గర ఉన్న సాక్ష్యం పక్క చేను వాళ్ల మాట. ఆ మాట చెప్పగలిగిన పెద్దలు ఏటా తగ్గిపోతున్నారు.

రెవెన్యూ శాఖలోనూ ఎన్ఐసీలోనూ ఈ పని చేస్తున్న పిల్లలకు నా విన్నపం. పాత పహాణీలో ఏం రాసి ఉందో అక్షరం మార్చకుండా ఒక గడిలో ఉంచండి. పక్కన ఆ ఫసలీ మొదలు తేదీ, చివరి తేదీ రెండు వేరే గళ్లలో వేయండి. అది ఆజూర్ ఫసలీనా జులై ఫసలీనా అన్నది ఇంకో గడిలో రాయండి. తెలియని తేదీని తెలియదనే ఉంచండి, జనవరి 1 అని నింపకండి. అనుభవదారు గడికి ఎప్పటి నుంచి, ఎప్పటి దాకా అన్న రెండు తేదీలూ ఇవ్వండి. మార్చక ముందూ మార్చాకా ఊరివారీగా అతి పాత తేదీ, అతి కొత్త తేదీ, ఖాళీల సంఖ్య పోల్చి చూసి, ఆ పట్టికను గ్రామసభలో చదివి వినిపించండి.

చదివే రైతు బిడ్డలకు ఒక మాట. మీ సర్వే నంబరుకు 1954-55 ఖాస్రా పహాణీ నుంచి దొరికినన్ని ఏడాదుల నకళ్లు తహసీల్ ఆఫీసులో అర్జీ పెట్టి, ముద్ర వేయించి తీసుకోండి. వాటిని ఫసలీ వరుసలో పెట్టుకోండి. ఏ ఏడాది దొరకలేదో అది కూడా రాయించుకోండి. మీ ఊళ్లో పాత లెక్క తెలిసిన మనిషి ఇంకా ఉంటే ఈ యాసంగి దాటకముందే ఆయన దగ్గర కూర్చోండి.